అందరికీ పంచిన మాత్రలు

ఆ రోజు మా ఆయన కూడు తీసుకుపోయిన తూక్కును, అదే పిడి ఉన్న కూటి డబ్బాను, మూత తీయకుండానే ఇంటికి తెచ్చాడు. మాది కోవిల్‌పట్టి. ఆయన పొద్దున్నే బస్సెక్కి విరుదునగరం పోయి మిరపకాయల మండీలో మూటలు మోసి, పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ తూక్కు ఖాళీగా తప్ప వచ్చింది లేదు. అడుగున అంటిన మెతుకును కూడా వేలితో తీసి తినే మనిషి. ఆ సాయంత్రం నా చేతికి ఇస్తే బరువుగా ఉంది. మూత తీసి చూశాను. పొద్దున నేను పెట్టిన కూడు పెట్టినట్టే ఉంది.

ఏం మామా తినలేదా అంటే ఆకలి కాలేదన్నాడు. పైకండువాతో మొహం తుడుచుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. తొంభైలు సగం దాటిన కాలం అది. మా పెద్దబిడ్డ రాణి అప్పుడే బడికి పోతూ ఉంది, కొడుకు ఇంకా నడక నేర్చుకుంటున్నాడు.

మా ఇంట్లో మాట తెలుగే, గడప దాటితే అరవం. నేను చదివింది అయిదో తరగతి, అదీ అరవంలో. తెలుగు అక్షరాలు హోసూరు నుంచి వచ్చిన మా తోడికోడలు నేర్పింది. తప్పులుంటే సర్దుకుని చదవండి. మీ ఇళ్లల్లో కూడా కడుపు నొప్పి అంటూ ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకు పనికి వస్తుందని రాస్తున్నాను.

మొదట మేమెవ్వరమూ దాన్ని రోగం అనుకోలేదు. అన్నం తిన్న కాసేపటికి మంట, ఆకలేసినప్పుడు ఇంకా ఎక్కువ మంట, పుల్లటి తేపులు. మేము ఆడవాళ్లం ఫ్యాక్టరీ నుంచి అట్టలు తెచ్చుకుని ఇంట్లో అగ్గిపెట్టెలు అంటించేవాళ్లం. ఆ గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. ఆ విషం గాలికి ఎగిరి కూట్లో పడిందేమో అని ఒకరు అన్నారు. మండీలో తోటి మూటలవాళ్లయితే, మిరప దుమ్ము ఏళ్లకేళ్లు మింగినవాడికి కడుపు పుండు కాక ఏమవుతుంది అన్నారు. ఊళ్లో డాక్టరూ అదే మాట. తాగడానికి తెల్లటి జెల్ మందు రాసిచ్చి, కారం మానేయమన్నాడు. మంట ఎక్కువైనప్పుడు ఒక ఇంజెక్షన్ వేసేవాడు.

కారం మాన్పించాను. ఒంటి నిండా మిరప వాసనతో వచ్చే మనిషి చప్పటి మజ్జిగన్నం ముందర కూర్చుంటే చూడలేకపోయేదాన్ని. జెల్ తాగితే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికి వస్తుంది. అట్లా ఏళ్లే గడిచిపోయాయి.

మా అత్త కొండమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. ఆమెను చెప్పకుండా ఈ రోగం కథ చెప్పడం కాదు.

మా ఇంట్లో సాయంత్రం కూడు ఎవరి కంచంలో వాళ్లు పెట్టుకుని తినే అలవాటు లేదు. దీపం పెట్టగానే మా అత్త పెద్ద చట్టి ముందర వేసుకుని కూర్చునేది. నేను, మా ఆయన, మరిది, తోడికోడలు, పిల్లలు చుట్టూ కూర్చునేవాళ్లం. సజ్జకూడయినా, వరికూడయినా పులుసు పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేది. వేలితో నాకి చూసి, ఉప్పు చాలకపోతే వేసి మళ్లీ కలిపేది. ఒక్కొక్కరి చేతిలో ముద్ద పెట్టి, ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి అందులో పులుసు పోసేది. ఎవరికి ఎంత ఆకలో ఆమె చేతికే తెలుసు. పళ్లు రాని బిడ్డలకు తాను నమిలి మెత్తగా చేసి నోట్లో పెట్టేది. మా ఆయనను అట్లాగే పెంచింది, నా బిడ్డలనూ అట్లాగే. ఎవరైనా ఒక్క పల్లీ మిఠాయి తెచ్చినా పోకచెక్కలు కోసే అడకత్తెరతో ముక్కలు చేసి అందరికీ పంచేది. ఒకరు తింటూ ఉంటే ఒకరు చూడడం మా ఇంట్లో పాపం. ఆ చట్టి చుట్టూ తిన్న కూటి రుచి మళ్లీ నేను ఎక్కడా చూడలేదు. ఇప్పటికీ అన్నం కలిపితే ఆమె చెయ్యే గుర్తుకొస్తుంది.

ఆమెకు కడుపు రోగం అంటే వల్లమాలిన భయం. మా మామ కూడా మూటల మనిషే. ఆయనకు కడుపులో పుండు ముదిరితే మదురైలో ఆపరేషన్ చేసి కడుపులో సగం తీసేశారు. ఆ తరవాత ఆయన తినింది చారెడు కూడే. మూట కాదు కదా, నీళ్ల బిందె ఎత్తలేకపోయాడు. ఇంటి ముందర నులకమంచం మీద కూర్చుని, వచ్చే పోయే బస్సులు చూస్తూ కొన్నేళ్లు ఉండి, కన్ను మూశాడు. మా ఆయనకు నొప్పి వచ్చినప్పుడల్లా తల్లీ కొడుకూ ఇద్దరూ ఆ మంచం వైపు చూసేవాళ్లు.

రెండువేల సంవత్సరం వచ్చే ముందర ఒక ఎండాకాలం, మండీలో మూట దింపి నీళ్లు తాగిన మనిషి వాంతి చేసుకుని మెట్ల మీద పడిపోయాడు. వాంతి కాఫీ పొడి కలిపిన నీళ్లలా ఉందట. విరుదునగరంలోనే ఒక ఆస్పత్రికి తీసుకుపోయారు. కబురు అందగానే నేనూ మా అత్తా బస్సెక్కాం. సాత్తూరులో బస్సు ఆగితే వెళ్లరికాయలు, అంటే లేత దోసకాయలు, అమ్మేవాళ్లు కిటికీ దగ్గరికి వచ్చి అరుస్తారు. ఎప్పుడు ఆ దారిన పోయినా పిల్లలకని కొనే మా అత్త ఆ రోజు వాళ్ల వైపు తిరగను కూడా తిరగలేదు.

మేము పోయేసరికి రక్తం ఎక్కిస్తున్నారు. రెండు మూడు రోజులుగా దొడ్డికి తారులాగా నల్లగా, జిగటగా, చెడ్డ వాసనతో పోతున్నదట. మాకు చెప్పలేదు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు వచ్చి చూసి, అల్సర్ నుంచి బ్లీడింగ్ అయింది, ఇప్పటికి ఆగింది, ఇంకోసారి అయితే కోయక తప్పదు అన్నాడు. ఆయన అటు పోగానే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంట్లో నన్ను గురువూ అని పిలుస్తారు.

"గురువూ, నాయనను కోసినట్ల నన్ను కొయ్యనీకు."

నేను సరే మామా అన్నాను.

ఆ ఆస్పత్రికి వారానికోసారి మదురై నుంచి ఒక కడుపు డాక్టరు వచ్చేవాడు. చిన్న వయసు. అరవంలోనే మాటాడేవాడు గానీ పేదవాళ్లకు అర్థమయ్యేలా మాటాడేవాడు. ఎండోస్కోపీ చేసి చూద్దాం అన్నాడు. గొంతు మొద్దుబారేలా మందు కొట్టి, నోట్లోంచి కడుపులోకి గొట్టం దించి, చివర ఉన్న దీపంతో లోపల చూస్తారు. బయటికి వచ్చాక మా ఆయన, బతికున్న పామును మింగి మళ్లీ కక్కినట్టుంది అన్నాడు.

ఆ గొట్టంతోనే పుండు దగ్గర చిటికెడు కండ తీశారు. దాన్ని బయాప్సీ అంటారు. ఒక చిన్న సీసాలో పసుపు రంగు జెల్లీ ఉంది, దాంట్లో వేశారు. డాక్టరు నన్ను పిలిచి, చూస్తూ ఉండమ్మా అన్నాడు. కొంచెం కొంచెంగా ఆ పసుపు గులాబీ రంగుకు తిరిగింది. పెళ్లికొడుక్కు తిప్పే ఆరతి నీళ్లలో పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడదా, అట్లాగే. మా ఇంట్లో శుభానికి తిప్పే రంగు ఆస్పత్రిలో చెడ్డ కబురు చెప్తుందని నాకేం తెలుసు?

"ఇది మిరపకాయ చేసిన పుండు కాదమ్మా. బ్యాక్టీరియా చేసింది. హెచ్ పైలోరీ అని పేరు. కడుపులో అంత ఆసిడ్‌లో ఏ క్రిమీ బతకదని మేము చదువుకునేటప్పుడు చెప్పేవాళ్లు. ఇది బతుకుతుంది. మందుతో చంపితే పుండు మానుతుంది, మళ్లీ రాదు. కోయాల్సిన పని లేదు."

ఈ సంగతి వైద్యులకే కొత్త అని, చాలామంది ఇంకా కారాన్నే తిట్టుకుంటూ ఉన్నారని కూడా చెప్పాడు. ఇన్నేళ్లు చప్పటి కూడు పెట్టానే అని నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తరవాత ఆయన, మీ ఇంట్లో కూడు కలిపేది ఎవరు అని అడిగాడు. మా అత్త ముందుకొచ్చి నేనే సామీ అంది. ఆమెను ఆయన పాట్టీ అని పిలిచేవాడు, అరవంలో అవ్వ అన్నట్టు. ఈ క్రిమి చేతి నుంచి, నోటి నుంచి ఇంట్లో ఒకరికొకరికి పోతుంది పాట్టీ, ఎక్కువగా చిన్నప్పుడే అంటుకుంటుంది, మీ ఇంట్లో చాలామందికి ఉండొచ్చు అన్నాడు. మా అత్త ఆ మాటను కొంగున ముడి వేసుకున్నట్టు మనసులో పెట్టుకుంది. అది మాకు అప్పుడు తెలియలేదు.

మందు అట్టలుగా ఇచ్చారు. ఒక అట్ట ఒక రోజుకు, పొద్దుటివి ఒక పక్క, రాత్రివి ఒక పక్క. ఆసిడ్ తగ్గించే గుళిక ఒకటి, యాంటీబయాటిక్ రెండు రకాలు. రెండు వారాలు ఒక్క పూట కూడా తప్పకూడదు, నోరు చేదుగా ఉంటుంది, భయపడి ఆపేయకూడదు అని చెప్పాడు. ఇంటికి వచ్చాం.

వచ్చిన రెండు రోజులకే మా చెల్లెలికి నొప్పులని విళాత్తికుళం నుంచి కబురు. మా అమ్మ లేదు, నేనే పోవాలి. పొద్దుటివి ఇవీ, రాత్రివి ఇవీ అని మా అత్తకు చూపించాను. ఆమె, నాకు తెలీదా, నా కొడుకు కాదా, నువ్వు నెమ్మదిగా పోయిరా అంది. చెల్లెలికి ఆడబిడ్డ పుట్టింది. పురుడు అయ్యేదాకా ఉండి, వచ్చేటప్పుడు కొత్త తాటిబెల్లం తెచ్చాను.

ఇంటికి వచ్చాక అలవాటు ప్రకారం మా అత్త ముక్కలు చేసి అందరికీ పంచింది. నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టింది.

"ఏమ్మే గురువూ, అమ్మినోడు నిన్ను బాగా ఏమార్చినాడే. ఈ బెల్లం చేదు కొడతా ఉండాది."

రాణి అవునవ్వా చేదు అని ఉమ్మేసింది. మా కొడుకు ఏడుపు మొహం పెట్టాడు. మరిది, పాత బెల్లం అంటగట్టి ఉంటాడు వదినా అన్నాడు. తోడికోడలు మంచిదానిలాగా ఏమీ అనకుండా మింగింది. నేను ఇంకో ముక్క తిన్నాను. తేనెలాగా ఉంది.

ఇంతమంది నోళ్లు ఒక్కసారిగా చేదు ఎందుకయ్యాయి? నోరు చేదుగా ఉంటుందని డాక్టరు చెప్పింది మా ఆయన ఒక్కడికి కదా. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూశాడు.

"అత్తా, మాత్రలు యాడ?"

"అయిపాయె కదా. అందరికీ పెడితిని."

దాచిందీ లేదు, తడబడిందీ లేదు. పండక్కి పాయసం పంచినట్టు చెప్పింది. మాత్రలను అడకత్తెరతో ముక్కలు చేసిందట. గుళికలను విప్పి, పొడిని పెరుగుకూట్లో కలిపి ముద్దలు పెట్టిందట. తన కొడుక్కు కొంచెం పెద్ద ముద్ద, పిల్లలకు కొంచెం చిన్న ముద్ద.

"అందరి కడుపులోనూ ఆ పురుగు ఉండాదని ఆయనే కదమ్మా చెప్పె! వీని ఒక్కనికే పెట్టి, ఇంతమందిని చూస్తా ఉండమంటే ఎట్ల? నా చేత్తో పెట్టిన కూట్లోనే పోయిందంటే, నా చేత్తోనే అందరికీ తియ్యద్దా?"

నాకు ఆమె మీద కోపం రావాలి. రాలేదు. మాత్రలు ఎవరికోసమో తెలిసి కూడా నోరు తెరిచి ముద్ద తీసుకున్న మా ఆయన మీద వచ్చింది. ఎందుకు వద్దనలేదు మామా అంటే, అమ్మ చేతిలో పెట్టె, తింటిని అన్నాడు. అంతే. నలభై ఏళ్లు దగ్గరపడిన మనిషి.

అప్పటికే నా కొడుక్కు విరేచనాలు. అది రెండు రోజుల్లో తగ్గింది. మా ఆయనకు మాత్రం మంట మళ్లీ మొదలైంది. విరుదునగరం పోతే డాక్టరు, మందు ఆపి నెల పైన అయ్యాకనే పరీక్ష చెయ్యాలి, అప్పటిదాకా ఆసిడ్ గుళిక కూడా వేసుకోకూడదు, వేసుకుంటే క్రిమి ఉన్నా లేనట్టు కనిపిస్తుంది అన్నాడు. ఆ నెల మేము పడింది మాకే తెలుసు. మరీ మంట పెడితే జెల్ తాగడం, దొడ్డికి పోయి వచ్చినప్పుడల్లా రంగు చూసుకోవడం. మూటలు మోయడం మాన్పించి మండీలో కాయలు ఏరే చోట కూర్చోబెట్టారు. ఆడవాళ్లు చేసే పని అది. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు గానీ ఆయనే తల ఎత్తేవాడు కాదు.

మళ్లీ గొట్టం, మళ్లీ సీసా. ఈసారి జెల్లీ ఇంకా తొందరగా ఎర్రబడింది.

డాక్టరుకు జరిగింది చెప్పాను. ఆయన మొదట నవ్వాడు. పిల్లలకు కూడా పెట్టిందని వినగానే నవ్వు ఆపేశాడు. పెద్దవాళ్ల మందు పిల్లలకు పెట్టడం ఎంత ప్రమాదమో గట్టిగానే చెప్పి, మా అత్తను పిలిపించాడు. ఆమె మరుసటి వారం వచ్చి, చెప్పులు గది బయట విడిచి లోపలికి వచ్చింది.

"పాట్టీ, పామును సగం కొట్టి వదిలేస్తావా?"

"ఎవురైనా వదుల్తారా సామీ? పగబట్టదా?"

"నువ్వు అదే చేశావు. మందు అరకొరగా తగిలిన క్రిమి చావదు. ఆ మందుకు అలవాటు పడుతుంది. ఇప్పుడు నీ కొడుక్కు ఆ మాత్రలు మళ్లీ ఇస్తే పని చెయ్యకపోవచ్చు. పుండు మళ్లీ రక్తం కారితే పెద్ద డాక్టరు కత్తి తీస్తాడు."

మా అత్త నిలబడే ఒక మాట అడిగింది.

"ఈని కడుపు మాత్రం కడిగితే, మళ్లీ మా చట్టిలోనే కదా తినేది? మళ్లీ రాదా?"

డాక్టరు, మంచి మాటే అడిగావు పాట్టీ అని కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. పెద్దయ్యాక మళ్లీ అంటుకోవడం తక్కువ, అయినా రాదని ఒట్టు వెయ్యలేను అన్నాడు. ఇంట్లో క్రిమి అందరికీ ఉన్నా పుండు అందరికీ రాదు, పుండు వచ్చినవాడికే ఇప్పుడు మందు, ఇంకెవరికైనా నొప్పి వస్తే వాళ్లను తీసుకురండి, చూసి వాళ్ల మందు వాళ్లకు ఇస్తాను అన్నాడు. సబ్బుతో చెయ్యి కడుక్కుని కలుపు, నాకిన వేలు చట్టిలో పెట్టకు, బిడ్డలకు నమిలి పెట్టకు. ఇవన్నీ ఆమె తల ఊపుతూ విన్నది. చివర ఆయన, ఈసారి మందు నీ చేత్తోనే నీ కొడుక్కు ఇవ్వు, ఇంకెవరికీ ఇవ్వకు అన్నాడు. ఆమెను తిట్టి పక్కన పెట్టకుండా ఆ పని ఆమెకే అప్పగించాడు చూడండి, అందుకు ఆ డాక్టరుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఈసారి మందు నాలుగు రకాలు, రోజుకు నాలుగు పూటలు. కడుపులో తిప్పేది, నోరు చేదు, నాలుక మీద నల్లటి పొర. ఆ మాత్రలు తీసుకునే రోజుల్లో సారా ముట్టకూడదన్నారు. మూటలవాళ్లకు అది చిన్న మాట కాదు, అయినా ఆయన ముట్టలేదు.

మా అత్త వంటింట్లో ఒక మూల పీట వేసి కొడుకును కూర్చోబెట్టేది. పిల్లలను వీధిలోకి పొమ్మనేది. మేము కూడా అటు పోకూడదు. తలుపు దగ్గరికి వేసి, మాత్ర నోట్లో వేసి, నీళ్లు తాగించి, నోరు తెరవమని చూసేది. ఒకసారి మా కొడుకు తలుపు సందులోంచి తొంగిచూసి, నాకవ్వా అన్నాడు. "ఇది మీ నాయన ఒక్కనిది. పో" అంది. ఆ మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ ఎవరితోనూ అని ఉండరు. బయటికి వచ్చాక ఆమె మొహం దోషం చేసినదానిలాగా ఉంది. తన కొడుకు ఒక్కడికే పెట్టి తక్కినవాళ్లను బయటికి తోలడం ఆమెకు ఉపవాసం కంటే కష్టం. రోజుకు నాలుగుసార్లు చేసింది.

నడుమలో ఒక పొద్దున మా ఆయన దొడ్డి నుంచి పాలిపోయిన మొహంతో వచ్చి, మళ్లీ నల్లగా పోయింది అన్నాడు. మా అత్త వాకిట్లోనే కూలబడింది. నేను బజారులో ఫోన్ బూత్‌కు పరుగెత్తి మదురైకి ఫోన్ చేశాను. నర్సు డాక్టరును పిలిచింది.

"జిగటగా, తారులాగా ఉందా? వాసన ఉందా? కళ్లు తిరుగుతున్నాయా?"

లేదు సార్, వట్టి నలుపే అన్నాను.

"అది బిస్మత్ అనే మందు రంగు. రక్తం కాదు. మాత్రలు ఆపకండి."

నేను ఇంటికి వచ్చి చెప్తే మా అత్త లేచి, కొంగు దులుపుకుని, "రంగును చూసి మాత్ర ఆపేస్తా ఉంటిమే" అంటూ నీళ్ల చెంబు తీసుకుని లోపలికి పోయింది. పూట దాటిపోతుందని ఆమెకు తొందర.

మందు అయిపోయింది. మళ్లీ నెల పైన కాచుకున్నాం. ఈసారి మంట లేదు. అయినా నమ్మకం రాలేదు. జెల్ తాగినప్పుడూ నాలుగు రోజులు ఉండేది కాదు కదా.

మూడోసారి సీసాలో కండ వేసినప్పుడు మేము ముగ్గురమూ బల్ల మీద కూర్చున్నాం. పసుపు పసుపుగానే ఉంది. నేను రెప్ప వెయ్యకుండా చూశాను. గది నీడ పడితే ఎర్రబడినట్టు అనిపించేది, వెలుగులో పెడితే పసుపే. డాక్టరు, తొందర పడకండి, రేపటి దాకా చూడాలి అన్నాడు. విరుదునగరంలోనే మండీ పక్కన తెలిసినవాళ్ల ఇంట్లో పడుకున్నాం. పొద్దున్నే మా అత్త మా కంటే ముందర ఆస్పత్రి వాకిట్లో ఉంది. నర్సు సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆమె దాన్ని ఎండలోకి తీసుకుపోయి, ఒక పక్క తిప్పి, ఇంకో పక్క తిప్పి చూసింది.

"పసుపుగానే ఉండాది" అంది. "నాయనా, పసుపుగానే ఉండాది."

మా ఆయన మెట్ల మీద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. మూటలు మోసేవాళ్లు ఏడిస్తే భుజాలు ఎట్లా కదుల్తాయో ఆ రోజే చూశాను.

పుండు పూర్తిగా మానిందని, కారం తినొచ్చని డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చి మా అత్త ఎండు మిరపకాయలు వేయించి, రోట్లో వేసి, ఉప్పూ చింతపండూ పెట్టి నూరింది. సజ్జకూట్లో కలుపుకుని తింటూ ఆయన కళ్లూ ముక్కూ కారుతుంటే తుడుచుకుంటూ, ఇంకొంచెం వెయ్యి అని అడిగాడు. నేను కారం లేని కూడు పెట్టిన ఏళ్లన్నీ ఆ ఒక్క పూట తీర్చుకున్నాడు. కొన్నాళ్లకు మళ్లీ మూట ఎత్తాడు.

ఆ తరవాత ఇంట్లో కంచాలు వచ్చాయి. చట్టి అటక మీదికి పోయింది. మా అత్త సబ్బుతో చేతులు కడుక్కుని, గరిటెతో వడ్డించేది. అంతా మంచికే. అయినా పండగల్లో, బంధువులు వచ్చినప్పుడు, చేతిలో ముద్ద పెట్టించుకుని తిన్న రోజులను తలుచుకోకుండా మాకు తిన్నట్టుండదు. ఆమె పోయి నాలుగైదేళ్లవుతుంది, ముసలితనంతోనే. మా ఆయన ఇప్పుడు మూటలు మోయడు. వయసు అయింది. మండీలో తూకం దగ్గర ఉంటాడు. కడుపు నొప్పి ఆ తరవాత మళ్లీ రాలేదు. తోడికోడలికి మధ్యలో మంట వస్తే తీసుకుపోయాం. మదురైలో ఇప్పుడు గొట్టం మింగకుండా, సంచిలోకి ఊపిరి ఊదించి చూసే పరీక్ష కూడా వచ్చింది. ఆమెకు క్రిమి ఉందన్నారు. ఆమె మందు ఆమెకు ఇచ్చారు.

మొన్న ఎదురింటి రాములక్క వచ్చి గడపలో కూర్చుంది. కొడుక్కు కడుపులో మంట అట, ఆస్పత్రికి పోయే తీరిక లేదట.

"గురువూ, మీ ఆయనకు ఇచ్చిన మాత్రలు ఏమన్నా మిగిలి ఉంటే రెండు ఇయ్యవే. ఇద్దరికీ ఒకే నొప్పి కదా."

మా వాళ్లు అడిగే తీరే అది. ఉన్నది పంచుకోవడం తప్ప మాకు ఇంకోటి తెలియదు. నేను ఆమె పక్కన కూర్చున్నాను. నొప్పి ఒకటే అయినా పుండు ఒకటి కాదక్కా, ముందర పరీక్ష చేయించు, రేపు పొద్దుటి బస్సుకు నేనూ వస్తాను అన్నాను. డాక్టర్లు ఎవరి పేరున ఏ మందు రాస్తే అది వాడొక్కడే, చివరి మాత్ర దాకా మింగాలి, నొప్పి పోయినా మింగాలి, తరవాత పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి అని చెప్పాను. మీకు చెప్పేదీ ఇదే.

ఆమెకు నమ్మకం కుదరలేదు. మిగిలినవి లేనే లేవా అని మళ్లీ అడిగింది.

"లేవక్కా. ఒక్కటి మిగిలి ఉంటే ఆయన ఈడ ఉండేవాడు కాదు."

మరుసటి రోజు నేనూ, రాములక్కా, ఆమె కొడుకూ బస్సెక్కాం.